పేజీ కంటే ముందొచ్చిన నవ్వు

మిల్టన్,
11 ఫిబ్రవరి 2025

సాకేత్‌కి,

చిరంజీవి అని మొదలుపెట్టమన్నారు యజ్ఞనారాయణ గారు. ఈసారికి వద్దన్నాను. దీవెన నా దగ్గరే ఉంది, ఎక్కడికీ పోదు. నీ జవాబు విన్నాక ఇవ్వాలో మానాలో చూస్తాను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నువ్వు అనుకుంటావు. ఫోన్‌లో నాకు న్యాయం జరగదు. మీ అమ్మ దాన్ని స్పీకర్‌లో పెట్టి పక్కనే కూర తరుగుతుంది. నేను అసలు మాటకి వచ్చేసరికి నువ్వు "మీటింగ్ ఉంది అమ్మమ్మా" అని పెట్టేస్తావు. కాగితాన్ని అలా పెట్టేయడం కుదరదు. నాకు అక్షరం రాదు కాబట్టి మన వరసలో మూడో ఇంటి యజ్ఞనారాయణ గారిని పిలిచాను. ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వంతెనలు కట్టారు. ఇప్పుడు రిటైరై, కొడుకూ కోడలూ ట్రైనెక్కాక ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలి, బాగుచేయకూడదు అని ముందే మాట తీసుకున్నాను. కొంచెం బాగుచేస్తున్నారనే నా అనుమానం.

ఇక నా ఫిర్యాదు విను.

నా మోకాలి ఆపరేషన్ అయిన చలికాలంలో, నువ్వు కాలేజీలో ఉండగా, ఒక జపాను బొమ్మల పుస్తకం తెచ్చి నా పక్కన సోఫాలో కూర్చున్నావు. టోక్యోలో గొడుగుల కంపెనీ. దాని అకౌంట్స్ సెక్షన్‌లో కళ్ళజోడు పెద్దాయన ఒగావా, ఆయన చేతికింద పనిచేసే ఒత్తు జుట్టు కుర్రాడు నిషినో. పెద్దాయనకి హనాకో అని ఒక చెల్లెలుందనీ, కుర్రాడు ఆ పిల్లని ప్రేమిస్తూ అన్నగారి మనసు గెలవడానికి తంటాలు పడుతున్నాడనీ చెప్పావు. మాటలు ఇంగ్లీషులో ఉంటాయి, నువ్వు తెలుగులో చెప్తావు, నేను బొమ్మలు చూస్తాను. పుస్తకం వెనక అట్ట దగ్గర మొదలై ముందుకి నడుస్తుంది. పేజీ తిప్పేది నేను. నా చూపు పూర్తయ్యేదాకా నువ్వు ఆగాలి. ఒకళ్ళు లేకుండా ఇంకొకళ్ళు పుస్తకం తెరవకూడదు. ఈ షరతు పెట్టింది నేను కాదు, నువ్వు. ఆరు పుస్తకాలు అలాగే అయ్యాయి. నువ్వు సార్నియాలో ఉద్యోగానికి వెళ్ళాక కూడా, కొత్తది వచ్చినప్పుడల్లా ఇక్కడికి తెచ్చే చదివావు.

మొన్న శనివారం ఏడోది తెచ్చావు. ఒసాకా నుంచి బదిలీ మీద మొరితా అనేవాడు వచ్చాడు. వాడు నిషినో పక్కన కూర్చుని, నిషినో డబ్బాలోంచి అన్నం తిన్నాడు. పెద్దాయనకి ఒళ్ళు మండింది. ఆ మంటలో తన చేతులేం చేస్తున్నాయో తెలియక స్టేప్లర్ పట్టుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టాడు. అది పేజీ తిప్పితేగాని కనపడదు. నా చెయ్యి ఇంకా కాగితం మీదే ఉంది. నువ్వు నవ్వావు.

సాకేత్, నవ్వు పేజీ కంటే ముందొచ్చింది.

నేనప్పుడు పుస్తకాన్ని చూశాను. కొత్త పుస్తకం తెరిస్తే బిగుసుకుని మూసుకుపోతుంది, మోచేత్తో తొక్కిపెట్టాలి. ఇది పాత పంచాంగంలా పరుచుకుని పడుకుంది. నడిమధ్యలో ఒక పేజీ మీద పసుపు వేలిముద్ర ఉంది. నువ్వు చెంచాతో తినే మనిషివి. పైగా నీ వేలు సన్నం. అది మరెవరిదో లావుపాటి బొటనవేలు.

ఎవరామె? నా పుస్తకం నా కంటే ముందు విన్న ఆ మహాతల్లి ఎవరు? ఆమెకి కూడా పెద్దాయన గొంతు పెట్టి చదివావా? పేజీ ఎవరు తిప్పారు?

జవాబు రాయి. చిన్నగా రాస్తే ఊరుకోను.

మీ అమ్మమ్మ
బాలత్రిపురసుందరి
(పేరు పూర్తిగా రాయించాను. సుందరమ్మ అని రాస్తే మెత్తగా ఉంటుంది.)


సార్నియా,
20 ఫిబ్రవరి 2025

అమ్మమ్మకి నమస్కారాలు. యజ్ఞనారాయణ అంకుల్‌కి కూడా నమస్కారాలు, ఎందుకంటే ముందు చదివేది ఆయనే. అంకుల్, మీకు శ్రమ ఇస్తున్నాం.

దీవెన లేని ఉత్తరం నాకు ఇదే మొదటిది. ఫ్రిజ్ మీద మాగ్నెట్‌తో పెట్టుకున్నాను. దాని పక్కన స్టేప్లర్ కూడా పెట్టాను.

మహాతల్లులు ఎవరూ లేరు. ప్లాంట్‌లో నా షిఫ్ట్ లీడ్ జయదేవ్ గారని ఒకరున్నారు. వాళ్ళది హనుమకొండ. అమ్మానాన్నలు ఇక్కడే, వాన్ అనే ఊళ్ళో ఉంటారు. నా కారు జనవరి చలికి చచ్చిపోయింది. మా షిఫ్ట్ మొదలయ్యే వేళకి ఇక్కడ బస్సు ఉండదు. జయదేవ్ గారే రోజూ నన్ను ఎక్కించుకుని వెళ్తున్నారు. ఒకరోజు నా బ్యాగ్‌లో పుస్తకం చూసి ఇదేంటని అడిగారు. నీ దగ్గరికి తీసుకెళ్ళేదాకా తెరవకూడదు అన్నాను. ఆయన నవ్వి, అట్ట చూసి, "ఒక్క పేజీ, అమ్మమ్మకు ఎట్లా తెలుస్తది" అన్నాడు. నీ సంగతి ఆయనకి తెలియదు. లంచ్ టైమ్‌లో ఒక పేజీ అనుకున్నది మొత్తం పుస్తకం అయింది. ఆ వేలిముద్ర వాళ్ళమ్మ పంపిన పులిహోరది. జయదేవ్ చేత్తోనే తింటాడు. వేలు నిజంగానే లావు, వాల్వులు తిప్పీ తిప్పీ అలా అయిందంటాడు.

తప్పే. తిట్టాలంటే తిట్టు.

ఇక్కడ చలి కొంచెం తగ్గింది. ప్లాంట్ పొగగొట్టం మీద మంట రోజంతా వెలుగుతూనే ఉంటుంది, దూరానికి ఎవరో దీపం పెట్టి మర్చిపోయినట్టుంటుంది. సెలవు రోజు నది ఒడ్డున నడుస్తాం. అవతలి ఒడ్డు అమెరికా. అటువైపు కుక్కలు మొరిగితే ఇటువైపు కుక్కలు జవాబిస్తాయి. వంట నేర్చుకుంటున్నాం. మొన్న మేం వంకాయ కారం పెట్టి కూర చేశాం, కుదిరింది. కర్టెన్లు కూడా కొన్నాం.

ఉగాదికి మిల్టన్ వస్తాను. జయదేవ్‌ని కూడా తీసుకురానా? నీకు నచ్చుతాడు. కథ ఆఖరి పుస్తకం, ఎనిమిదోది, ఏప్రిల్లో వస్తుందట. దాన్ని నీ దగ్గరే తెరుస్తాను.

నీ
సాకేత్


మిల్టన్,
3 మార్చి 2025

సాకేత్‌కి,

నీ ఉత్తరం యజ్ఞనారాయణ గారితో మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాను. ఆయనకి దగ్గు వచ్చింది. శొంఠి కషాయం ఇచ్చి మళ్ళీ చదివించాను.

నాకు చదువు రాదు గాని చెవులున్నాయి. ఉత్తరం మొదట్లో జయదేవ్ గారు అన్నావు. పులిహోర దగ్గరికి వచ్చేసరికి గారు ఎగిరిపోయింది. వంకాయ కూర దగ్గరికి వచ్చేసరికి పేరే లేదు, "మేం" చేశాం అన్నావు. రోజూ కార్లో ఎక్కించుకునే మనిషికి నీ ఇంటి కర్టెన్లతో ఏం పని?

ఆడపిల్ల అనుకున్నాను. మగవాడని తెలిశాక నా కడుపు ఇంకా మండింది. ఆడపిల్ల అయితే కాస్త సిగ్గుకో మొహమాటానికో నాలుగు పేజీలు విని ఊరుకునేది. వీడు ఇంగ్లీషు చదువుకున్నవాడు. నువ్వు చెప్పేదాకా ఆగక్కర్లేదు. నీ కంటే ముందు తానే చదివేసుకుంటాడు. నీతో సమానంగా నవ్వుతాడు. నేను నువ్వు చెప్పాక నవ్వాలి. అంతా అయిపోయాక కాఫీలు తాగుతూ పెద్దాయన ఇలా ఎందుకన్నాడు, కుర్రాడు అలా ఎందుకన్నాడు అని మాట్లాడుకుని ఉంటారు. అది నా వాటా. పుస్తకం అయ్యాక ఆ మాటలు మాట్లాడుకునేది మనమిద్దరం.

యజ్ఞనారాయణ గారు కలం ఆపి, "ఒక స్నేహితుడు పుస్తకం చూస్తే ఇంత కోపమా సుందరమ్మ గారూ" అన్నారు. మీ ఆవిడ ఉన్నప్పుడు, ఆవిడ మీకోసం కలిపిన అన్నం ముద్ద పక్కింటాయన నోట్లో పెడితే మీరేం చేసేవారు అని అడిగాను. రాస్తున్నారు ఇప్పుడు, బుద్ధిగా.

కాబట్టి ఉగాదికి ఆ మనిషిని తీసుకురావద్దు. నువ్వు రా. మన సోఫా ఇద్దరికే పడుతుంది. అతను గుమ్మంలోకి వస్తే నేను నా గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటాను, మీ అమ్మ పిలిచినా రాను. ఇది వట్టి బెదిరింపు కాదని నీకు తెలుసు.

ఇంకో సంగతి. మీ అమ్మ వాన్‌లో సుప్రజ అనే పిల్లని చూసింది. ఫార్మసీలో పనిచేస్తుందట. ఫోటో నాకు చూపించింది, మొహం బాగుంది. చేసుకో. పెళ్ళాం అయితే నీ వంటింటి సంగతి, నీ కర్టెన్ల సంగతి ఆమె చూసుకుంటుంది. బొమ్మల పుస్తకాల జోలికి రాదు. ఆ జయదేవ్ తన వంకాయలు తాను వండుకుంటాడు.

దీవెన ఇప్పుడూ లేదు. ఉగాది పచ్చడితో పాటు ఇస్తాను.

బాలత్రిపురసుందరి


సార్నియా,
6 ఏప్రిల్ 2025

అమ్మమ్మకి,

ఉగాదికి రాలేకపోయాను. షిఫ్టులు మారాయి.

నీ ఉత్తరం అర్థమైంది. ఫోన్‌లో ఎన్నోసార్లు చెప్పాలనుకున్నాను, కాని నువ్వన్నట్టు స్పీకర్ ఉంటుంది. ఉత్తరం అంకుల్ చదువుతారు. ఎలాగైనా రెండు మాటల్లో చెప్పగలిగింది కాదు. అయినా నువ్వు చెప్పాల్సింది స్పష్టంగా చెప్పావు. గుమ్మంలోకి కూడా రావద్దన్నావు. నువ్వు మిగతా వాళ్ళలా అనవనుకున్నాను. నా పొరపాటు.

సుప్రజ వాళ్ళతో మాట్లాడమని అమ్మకి చెప్పేశాను. ఇరవయ్యో తారీకు ఆదివారం వాళ్ళింటికి వెళ్తున్నారట. నేను కూడా వస్తాను. జయదేవ్ గారు అల్బర్టా ప్లాంట్‌కి ట్రాన్స్‌ఫర్ అప్లై చేశారు. నాకు పాత కారు ఒకటి దొరికింది.

ఎనిమిదో పుస్తకం వచ్చింది. అక్కడిదాకా మోసుకురావడం ఎందుకని కథ ఇక్కడే చెప్పేస్తున్నాను. పెద్దాయన బదిలీ మీద ఉత్తరాదికి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు నిషినోకి తన గొడుగు ఇచ్చాడు. నిషినో హనాకోని పెళ్ళి చేసుకున్నాడు. ఆఫీసు వాళ్ళందరూ వచ్చారు. అందరూ సుఖంగా ఉన్నారు. కథ అయిపోయింది.

ఆరోగ్యం జాగ్రత్త. మోకాలికి ఆ నూనె రాసుకో.

సాకేత్


మిల్టన్,
15 ఏప్రిల్ 2025

చిరంజీవి సాకేత్‌కి,

నూరేళ్ళు చల్లగా ఉండు. దీవెన ముందే ఇచ్చేస్తున్నాను, తర్వాతంతా తిట్లే కాబట్టి.

నీ ఉత్తరం విన్న రోజే యజ్ఞనారాయణ గారిని కారు తీయమన్నాను. మాల్‌లో పుస్తకాల షాపుకి తీసుకెళ్ళారు. ఆయన ఏడో పుస్తకం ఫోటో ఫోన్‌లో చూపించి ఎనిమిదోది కావాలని అడిగారు. అక్కడి పిల్ల మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, నవ్వి, ఒక మూల అరకి తీసుకెళ్ళింది. ఆ అర నిండా ఇలాంటివే, మగపిల్లల ప్రేమకథలట, జపానులో వీటికి ఏకంగా ఒక శాఖ ఉందట. యజ్ఞనారాయణ గారి చెవులు ఎర్రగా అయ్యాయి. "సుందరమ్మ గారూ, మనం పొరపాటున వేరే వరసలోకి వచ్చినట్టున్నాం" అన్నారు. లేదు, సరైన వరసే, మీరు సంచీ పట్టుకోండి అన్నాను.

పుస్తకం నా దిండు పక్కన ఉంది. తెరవలేదు. షరతు షరతే. అట్ట మాత్రం చూశాను. అట్ట చూడ్డం తెరవడం కిందికి రాదు. అట్ట మీద వాన. ఒకే గొడుగు కింద పెద్దాయన, నిషినో. పెద్దాయన కళ్ళజోడు నిషినో జేబులో ఉంది. బదిలీ మీద వెళ్ళిపోయేవాడు కళ్ళజోడు ఇంకొకడి జేబులో పెట్టి వెళ్తాడా?

హనాకో ఎక్కడ నాయనా? ఆరు పుస్తకాలు, ఏడో పుస్తకం, ఇప్పుడీ అట్ట. ఆ పిల్ల చెప్పు కూడా ఒక బొమ్మలో కనపడలేదు. తలుపు వెనక ఉందన్నావు, ఫోన్ అవతల ఉందన్నావు. ఒకసారి జ్వరం తెప్పించావు. ఒకసారి కుట్టు క్లాసుకి పంపావు. మూడో పుస్తకంలో గొడుగుల గోదాములో పెద్దాయన నిషినోని గోడకి ఆనించి నిలబెడితే, ఆఫీసు రహస్యం చెవిలో చెప్తున్నాడన్నావు. చెవి ఎక్కడుంటుందో నాకు తెలుసు.

నాకు అక్షరం రాదు. నువ్వు బొమ్మల పుస్తకం పట్టుకొచ్చి, మాటలు మార్చేస్తే అమ్మమ్మకి కథ మారిపోతుందనుకున్నావు. మాటలు నీ చేతిలో ఉన్నాయి, బొమ్మలు నా కళ్ళ ముందున్నాయి. నేను పేజీ తిప్పడానికి అంతసేపు తీసుకునేది ఎందుకనుకున్నావు? మరి అప్పుడే ఎందుకు అడగలేదంటావా? హనాకోని అంత కష్టపడి పెంచుతున్నావు, నీ కష్టం చూసి ఊరుకున్నాను. చెప్పాల్సిన రోజున నువ్వే చెప్తావనుకున్నాను.

ఇక్కడ యజ్ఞనారాయణ గారు కలం కింద పెట్టి మంచినీళ్ళు అడిగారు. ఇచ్చాను. "ఇది రాయాలాండీ" అన్నారు. "వంతెన సగం కట్టి ఆపేవారా" అన్నాను. "లేదండి" అన్నారు. "అయితే రాయండి" అన్నాను. "అబ్బాయికి కోపం వస్తుందేమో" అన్నారు. "వాడికి ఇప్పుడు రావాల్సింది కోపమే, పెళ్ళిచూపులు కాదు" అన్నాను. రాస్తున్నారు.

మిగతా వాళ్ళలా అనవనుకున్నాను అని రాశావు. ఆ ముక్క నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఆ జయదేవ్‌ని రావద్దన్నది మగవాడని అనుకున్నావా? నా పుస్తకం నా కంటే ముందు తెరిచినందుకు రావద్దన్నాను. కుళ్ళుకున్నాను. బాగా కుళ్ళుకున్నాను. ఇప్పటికీ కుళ్ళుగానే ఉంది. పెద్దాయన కుళ్ళుకుని స్టేప్లర్ ఫ్రిజ్‌లో పెడితే అచ్చేసి అమ్ముతారు, మీరిద్దరూ పులిహోర తింటూ నవ్వుతారు. నేను కుళ్ళుకుంటే నువ్వు వెళ్ళి పెళ్ళికి ఒప్పుకుంటావా?

ఆ మంటలో సుప్రజని చేసుకో అన్న మాట నాదే. అది వెనక్కి తీసుకుంటున్నాను. నిన్న మీ అమ్మ ఆదివారానికి చీరలు తీస్తుంటే ఆ బీరువా తలుపు మూసేశాను. "శాంతా, వాళ్ళకి ఫోన్ చేసి రావట్లేదని చెప్పు, ఆ పిల్ల మంచి పిల్ల, దాని మెళ్ళో ఈ గొడవ కట్టకు" అన్నాను. ఏం గొడవ అంది. వాడు మనసిచ్చి కూర్చున్నాడు అన్నాను. ఎవరికి అంది. అడగాల్సింది నన్ను కాదు అన్నాను. ఏడిచింది, అరిచింది, చివరికి ఫోన్ చేసి జ్వరమని చెప్పింది. ఎవరన్నది నేను చెప్పలేదు, చెప్పను. అది నీ నోటితో చెప్పాల్సింది. నువ్వు చెప్పాక మీ అమ్మ నోరు లేపితే, అప్పుడు నా వంతు.

ఉత్తరంలో గారు మళ్ళీ వచ్చింది. "జయదేవ్ గారు అల్బర్టా" అన్నావు. నాకు గారు పోయినప్పుడు కలిగిన మంట కంటే, తిరిగి వచ్చినప్పుడు కలిగిన భయం ఎక్కువ. ఆ అప్లికేషన్ ఏదో వెనక్కి తీసుకోమను. నా మాటగా చెప్పు.

శనివారం ఇద్దరూ రండి. కుదరకపోతే పై శనివారం. అతన్ని క్షమించానని కాదు. అతన్ని నేను చూడాలి. ఆ బొటనవేలు చూడాలి. సోఫా ఇద్దరికే పడుతుందన్నాను, నిజమే, కాని నేను కాస్త సన్నబడ్డాను. సర్దుకుంటే ముగ్గురం పడతాం. మీరిద్దరూ పక్కపక్కన కూర్చుని నన్ను చివరికి తోసేస్తారనుకోకు. మధ్యలో నేను.

పుస్తకం ఇక్కడే ఉంది. మీరు వచ్చేదాకా నేను తెరవను. షరతు నిలబెట్టుకునేది ఎవరో చూసుకో.

నీ అమ్మమ్మ
సుందరమ్మ

లేఖకుడి మనవి: బాబూ సాకేత్, ఆమె చెప్పినదంతా చెప్పినట్టే రాశాను. రెండు తిట్లు మాత్రం తగ్గించాను. మొదటి ఏడు పుస్తకాల కథ ఆమె నాకు చెప్పారు. ముగింపు తెలియకుండా ఉండటం కష్టంగా ఉంది. సోఫాలో చోటు అడగను, కుర్చీ మా ఇంటి నుంచి తెచ్చుకుంటాను. — యజ్ఞనారాయణ


సార్నియా,
20 ఏప్రిల్ 2025

అమ్మమ్మా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను. అంకుల్ చదువుతారన్న భయం ఇక లేదు కాబట్టి రాస్తున్నాను. జయదేవ్ నా మనిషి. ఇంతే. ఏడాదిగా చెప్పలేకపోయింది ఇంతే.

ట్రాన్స్‌ఫర్ వెనక్కి తీసుకోమని నీ మాటగా చెప్పాను. నీ ఉత్తరం మొత్తం అతనికి చదివి వినిపించాను. విని, లేచి స్టేప్లర్ తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టాడు. "ఏంటిది" అంటే, "మీ అమ్మమ్మకు పెద్దాయన గొంతు పెట్టి చదువుతవు, నాకు ఒక్కసారన్నా పెట్టినవా" అన్నాడు. అతనికీ కుళ్ళు. మీ ఇద్దరి మధ్య నా పని అయిపోయింది.

ఇరవై ఆరో తారీకు వస్తున్నాం. వచ్చేలోపే అమ్మకి ఫోన్ చేస్తాను. స్పీకర్ తీసేయమని ముందే చెప్తాను. ఏమంటుందో తెలియదు. భయంగా ఉంది.

హనాకోకి ఏం చేయమంటావు?

నీ
సాకేత్

అమ్మమ్మ గారికి, ఒక్క పేజీ అన్నది నేనే. తప్పు నాది. ఈసారి పేజీ మీరు తిప్పినంకనే చూస్త. — జయదేవ్


మిల్టన్,
29 ఏప్రిల్ 2025

చిరంజీవి సాకేత్‌కి, పక్కనున్న మనిషికి కూడా,

మీరు వెళ్ళాక సోఫా వెడల్పుగా కనపడుతోంది. రెండు వైపులా దిళ్ళు పెట్టుకున్నాను.

ఫిర్యాదులు. ఒకటి, అతను సోఫాలో కూర్చుంటే నేను అటువైపు జారిపోతున్నాను, బరువైన మనిషి. పాలకోవా తెస్తే తెచ్చాడు గాని, తీపి ఎక్కువ. నిషినో రైలు స్టేషన్‌కి పరిగెత్తినప్పుడు నీకంటే ముందు అతను కళ్ళు తుడుచుకున్నాడు. నాకంటే ముందు కూడా. అది నాకు నచ్చలేదు.

నువ్వు గమనించావో లేదో, ఆఖరి పేజీ ముందు నేను అతన్ని పరీక్ష చేశాను. ఆ బొమ్మలో చూడ్డానికి ఏమీ లేదు, ఖాళీ వీధి, వాన, అంతే. అయినా కాగితం మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. నువ్వు గొంతు సవరించుకున్నావు. యజ్ఞనారాయణ గారు కుర్చీలో ముందుకు జరిగారు. అతను మాత్రం నా చేతికేసి చూస్తూ ఊరుకున్నాడు. నా కాఫీ చల్లారింది. అప్పటికీ ఊరుకున్నాడు. ఎంతసేపైనా ఆగే మనిషే. అప్పుడు తిప్పాను.

ఈ మాట అతనికి చెప్పకు. నెత్తికెక్కుతాడు.

పెద్దాయన గొంతు నీకంటే అతనికే బాగా కుదిరింది. ఇది కూడా చెప్పకు.

మీ అమ్మ సంగతి అడిగావు. నువ్వు ఫోన్ చేసిన రోజు నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ముందే తెలిసి దాచానని కోపం. మీరిద్దరూ వచ్చిన రోజు వంటింట్లోనే ఉండిపోయింది. మనం చదువుతుంటే ఒకసారి గుమ్మం దాకా వచ్చి, గరిటె చేత్తో పట్టుకుని నిలబడి వెళ్ళిపోయింది. మీకు వీపు వైపు కాబట్టి కనపడలేదు. ఇంకాసేపటికి మళ్ళీ వచ్చింది. ఈసారి వెళ్ళలేదు. పుస్తకం మూసేదాకా అక్కడే ఉంది.

ఇవాళ పొద్దున నాకు కాఫీ ఇస్తూ, "అమ్మా, ఆ చెల్లెలు ఎవరో అన్నారు, ఆమె ఏమైంది చివరికి" అని అడిగింది.

మొదటి నుంచి చెప్తే గాని అర్థం కాదే, కూర్చో అన్నాను. కూర్చుంది. మొదటి పుస్తకం తీశాను.

సుందరమ్మ